పురుగుల ఇంట్లోకి రాకూడని రోజులు

ఇట్లా చాప మీదికి జరగండి. ఇంకా దగ్గరికి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది. మగవాళ్ళున్నా ఉండనివ్వండి, లేచి పోనక్కర్లేదు. ఇట్లాంటి మాట వచ్చినప్పుడల్లా వాళ్ళు లేచి పోవడం, మేము నోరు మూసుకోవడం, దానివల్లే సగం కష్టం వచ్చింది. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. ఈ కథ చెప్పేటప్పుడు నాకే చేతులు ఊరుకోవు, చీర కొంగు మెలిపెడుతూ ఉంటాను.

మా పుట్టిల్లు కుప్పం పక్కన. డెబ్బైల్లో మా ఊళ్ళో ఒక్కొక్క ఇల్లూ పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టింది. కూరగాయలు తరగడం కంటే ముందు మల్బరీ ఆకు తరగడం నేర్చుకున్నదాన్ని నేను. పురుగుల ఇల్లంటే దేవుడి గదికంటే ఎక్కువ మడి. చెప్పులు బయట విడవాలి, కాళ్ళు కడుక్కుని సున్నం తొక్కి లోపలికి పోవాలి. వాసన నూనె రాసుకున్నవాళ్ళు రాకూడదు, పొగాకు ముట్టుకున్నవాళ్ళు రాకూడదు, చావింటికి పోయినవాళ్ళు రాకూడదు, బయట చేరిన ఆడవాళ్ళు అసలే రాకూడదు. ఇందులో పొగాకు మాట నిజం. మా మేనమామ ఒకసారి పొగాకు నలిపిన చేత్తోనే ఆకు వేశాడు. పురుగులు తలలెత్తి పచ్చగా కక్కుకుని, పొద్దు వాలేలోపల మెత్తబడిపోయాయి. మేమంతా కళ్ళారా చూశాం. ఒకటి నిజమని చూశాక, తక్కినవి అబద్ధమని అనే ధైర్యం ఎవరికుంటుంది?

నన్ను పుంగనూరు దగ్గరి పల్లెకు ఇచ్చారు. అక్కడా పురుగులే, అక్కడా అవే కట్టుబాట్లు. ఇంట్లో మా అత్త, నా పెనిమిటి, మా మరిది, కొన్నాళ్ళకు మరిది పెళ్ళాం. ఆ పిల్లది కురబలకోట వైపు. ఇంట్లో నేను పెద్దదాన్ని, తను చిన్నది. అందరం ‘చిన్నది’ అనే పిలిచేవాళ్ళం. సన్నగా ఉండేది కానీ మనిషి నిప్పు. ఒక గంప ఆకు నేను దించేలోపల రెండోది తెచ్చి పక్కన పెట్టేది. నన్ను ‘అక్కా’ అని నోరారా పిలిచేది.

మా ఇద్దరికీ నెల నెలా ఆ మూడు రోజులూ కలిసే వచ్చేవి. ఒకరు బయట చేరితే మర్నాటికి ఇంకొకరు. గొడ్ల కొట్టానికి ఆనుకుని ఒక చిన్న పంచ ఉండేది, అక్కడే ఇద్దరం కూర్చునేవాళ్ళం. మా అత్తకు ఒళ్ళు మండేది. “ఇద్దురూ ముందే మాట్లాడుకోని పోతారు, పని తప్పించుకోను” అనేది. అని, మళ్ళీ తనే రాగి సంగటి ముద్ద మీద ఒక గరిటె ఎక్కువ పులుసు పోసి పంపేది. ఆమె తిట్టు, ఆమె పెట్టు రెండూ అట్లాగే ఉండేవి.

నేను చెప్పేది ఎనభైల మాట. పురుగు గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా నాలుగుసార్లు మేత మానేసి, తలెత్తి కదలకుండా పడుకుని, పాత తోలు విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం దాటిందంటే ఇక దాని ఆకలికి అంతుండదు. వేసిన ఆకు వేసినట్టే మాయమవుతుంది. తట్టల మీద అవి ఆకు కొరికే చప్పుడు, రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు, రేయింబవళ్ళు ఆగదు. ఆ వారం ఇంట్లో ఎవరికీ కూర్చుని అన్నం తినే తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే నేను బయట చేరాను.

పంచలో కూర్చున్నానన్నమాటే గానీ ఒక్క నిమిషం నిలకడ లేదు. ఆ వాన చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. ఆకు చాలుతుందో లేదో, తట్టలు శుభ్రం చేశారో లేదో. లేస్తాను, మళ్ళీ కూర్చుంటాను. చిన్నది ఆకు గంపతో నా ముందు నుంచే పోతుంది, వస్తుంది. నా వైపు చూడదు. మర్నాడు పంచలోకి వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ పై రోజూ రాలేదు.

మా అత్త పంచ దగ్గరికి వచ్చి, అంటు తగలకుండా ఎడంగా నిలబడి, గుసగుసగా అంది: “సిన్నది ఈతూరి బయట కూర్చోలే. సూసినావా? నీళ్ళు పోసుకున్నట్టుండాది. ఎవురికీ చెప్పద్దు.” నాకు చెప్పద్దని చెప్పి, తనే పాలు పోయడానికి వచ్చిన ఆమెకు చెప్పింది, బావి దగ్గర చెప్పింది, పొలం గట్టు మీద పోయేవాళ్ళను ఆపి చెప్పింది. చిన్నదానికి పెళ్ళై అప్పటికి కొన్నేళ్ళైంది మరి.

ఆ పగలే చిన్నదానికి వాంతులు మొదలయ్యాయి. మా అత్త మొహం వెలిగిపోయింది. నిమ్మకాయ ఊరగాయ పెట్టింది, అదీ కక్కేసింది. మధ్యాహ్నానికి నీళ్ళ విరేచనాలు. మా అత్త మొహంలో వెలుగు కొంచెం తగ్గింది, “తొందరపడి అందురికీ చెప్పినాను, దిష్టి తగిలినాది” అంటూ ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో వేసింది. పొద్దు వాలేసరికి చలి, వణుకు. గొంతు నొప్పి అంటోంది, పిక్కలు పిండినట్టుంది అంటోంది. అయినా లేచి ఆకు వెయ్యబోయి, కళ్ళు తిరిగి గోడ పట్టుకుని జారి కూర్చుంది. పంచలో నుంచి నేను చూస్తున్నాను. నుదుటి మీద చెయ్యి వేసి చూద్దామంటే అంటు నాకు అడ్డం.

అప్పుడు చూశారు, ఒళ్ళంతా ఎర్రబడింది. మొహం, మెడ, పొట్ట, తొడలు. మా అత్త ఆ ఎరుపు చూడగానే చేతులు జోడించింది. అమ్మవారు వచ్చిందనుకుంది. ఇక ఇల్లు మారిపోయింది. గడపకు వేపమండలు కట్టారు. తాళింపు మానేశారు. చిన్నదాన్ని లోపలి గదిలో వేపాకు పరిచి పడుకోబెట్టారు. మా మరిది పుంగనూరు పోయి డాక్టరును పిలుచుకొస్తానన్నాడు. మా అత్త వినలేదు. అమ్మవారు ఒంటి మీదికి వచ్చినప్పుడు సూది వేస్తే లోపలికి తిరిగిపోతుంది, మనిషి దక్కదు అని ఆమె నమ్మకం. మా అత్త చిన్నప్పుడు ఆమె తోడబుట్టిన పిల్ల అమ్మవారు పోసి చచ్చిపోయిందట, డాక్టరు దగ్గరికి తీసుకుపోయాకనే చచ్చిందట. అందుకని ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మరిది పాపం గడప లోపలికి, వెలుపలికి తిరుగుతూనే ఉండిపోయాడు.

మర్నాడు నాకు తలస్నానం. నీళ్ళు కాగేదాకా ఆగలేక చన్నీళ్ళే పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని లోపలికి పోయాను.

ఎంతోమంది పిల్లలకు తట్టు పోయడం చూశాను నేను. తట్టులో చిన్న చిన్న పొక్కులుంటాయి, చెయ్యి వేస్తే ఇసక తగిలినట్టు గరగరలాడుతుంది. చిన్నదాని ఒంటి మీద పొక్కు లేదు. నున్నగా, బెల్లం వండే పొయ్యి ముందు పొద్దంతా నిలబడినట్టు కమిలిన ఎరుపు. వేలితో నొక్కితే తెల్లగా అయ్యి మళ్ళీ ఎర్రబడుతుంది. కళ్ళు రక్తం చిమ్మినట్టున్నాయి, కానీ పుసి లేదు. నాలుక కూడా ఎర్రగా, గరుకుగా ఉంది. నుదురు కాలిపోతోంది, పాదాలు మాత్రం మంచు. ముందురోజు నుంచి ఉచ్చ పోయలేదని తెలిసింది. నన్ను చూసి, “తట్టల్లో ఆకేసినారాక్కా, పురుగులు ఆకిలి అంటాండాయి” అంది. నేనెవరో తెలుస్తుంది, తనెక్కడుందో తెలియడం లేదు. ఒక మాట తెలివిగా, ఒక మాట ఎటో పోతూ.

తలుపు మూసి, చెవి దగ్గర అడిగాను. “నిజం చెప్పు మే. నీకు రాలేదా ఈ నెల?”

కళ్ళలోంచి నీళ్ళు కారాయి. “వచ్చినాది. నువ్వు బయట చేరిన మర్నాడే. ఇద్దురమూ కూర్చుంటే పురుగులు ఏం గావాలక్కా? దూది సుట్టి లోపల పెట్టుకున్నా. బయటికి రాకుంటే అంటెట్లయితాది అనుకున్నా.”

బయటికి వస్తేనే కదా బయట చేరినట్టు, రాకుండా ఆపితే లెక్కలోకి రాదు. ఇది ఆ పిల్ల చేసుకున్న ఆలోచన. మా కట్టుబాటులోనే పుట్టి, దాన్ని తప్పకుండా, పురుగులను చంపకుండా, పని ఆపకుండా నడవడానికి వెతుక్కున్న దారి. గుడ్డ పెట్టుకుంటే ఉతకాలి, ఆరేయాలి, మా అత్త కంట పడుతుంది. దూది అయితే ఎవరికీ తెలియదు. పెట్టిన దూది తీసి మార్చుకోవడానికి ఆ వారం ఆమెకు చోటూ లేదు, తీరికా లేదు. అది ఇంకా లోపలే ఉంది.

తీసేయమన్నాను. చేతులు వణికి తీసుకోలేకపోయింది. నాకు తెలియని పని, లోపల ఏమైనా చీలుతుందేమోనని నేనూ చెయ్యి పెట్టలేదు. నాకు ఒకటే అర్థమైంది, ఇది అమ్మవారు కాదు, ఇంకొక పూట ఇట్లాగే ఉంటే ఈ పిల్ల దక్కదు. ఆసుపత్రికి పోవాలంటే మా అత్త ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే ఈ మాట ఆమెకు చెప్పాలి. చెబితే, బయట చేరి పురుగులింట్లో తిరిగిందన్న మాట ఆ పిల్ల మీద జీవితాంతం ఉండిపోతుంది. రేపు ఏ పంట పోయినా దాని తలమీదే. చిన్నది నా చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దని. నేను చెయ్యి విడిపించుకుని పోయాను.

మా అత్త పురుగుల ఇంటి గడపలో ఉంది. అప్పటికే పురుగులు పండుతున్నాయి. ఒళ్ళు పసుపు తిరిగి, గాజులాగా అవతలి వెలుతురు కనబడేట్టు అయ్యి, తలెత్తి పోగు వదలడానికి చూస్తున్నాయి. వాటిని ఏరి చంద్రికల మీద, అంటే గూళ్ళు కట్టుకునే వెదురు తడకల మీద వేస్తోంది. నేను పక్కన కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను తిడుతుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. గడప మీదే కూలబడింది.

“ఈడికి వచ్చిందా, అట్లనే?”

“వచ్చింది అత్తా. దినామూ వచ్చింది. ఆకేసింది, తట్టలు మార్చింది.”

తట్టల వైపు చూసింది. ఈ కొసనుంచి ఆ కొసకు, పై వరస నుంచి కింది వరసకు. ఒక తట్ట లాగి పురుగులను చేత్తో కదిలించింది. ఒక్కటి మెత్తబడలేదు, ఒక్కటి నల్లబడలేదు. పొద్దు పోతోంది, ఆమె పురుగులు చూస్తోంది. లేపి లాగుదామా అనిపించింది.

“పురుగులు బాగుండాయి గదే” అంది, నాతో కాదు, తనలో తాను. “అమ్మోరి కోపమయ్యుంటే ముందు ఇవే పోవాల. మరి దీనికేమొచ్చె?”

అంతే. లేచింది. గడపకున్న వేపమండలు తనే తెంపి పడేసి, “రేయ్, బండి సూడండ్రా” అని కేక పెట్టింది.

బస్సు రావడానికి చాలా పొద్దుంది. మదనపల్లె మండీకి టమోటాలు ఎత్తిన వ్యాను ఒకటి దొరికింది. గంపలు జరిపి, గోనెపట్ట పరిచి పడుకోబెట్టాం. నేనూ మా అత్తా వెనక, మరిది డ్రైవరు పక్కన. నా పెనిమిటి పురుగుల దగ్గర ఉండిపోయాడు. దారి పొడవునా వ్యాను ఎక్కడ ఆగుతుందో, ఏ గొర్రెల మంద అడ్డం వస్తుందో అని రోడ్డు వైపే చూస్తూ ఉన్నాను. చిన్నది ఉన్నట్టుండి లేచి కూర్చోబోతుంది, మళ్ళీ సోలిపోతుంది. మా అత్త ఆ చల్లటి పాదాలను తన ఒళ్ళో పెట్టుకుని అరచేతులతో రుద్దుతూనే ఉంది. చీరకు అంటు తగులుతుందన్న ఊసే ఎత్తలేదు.

ఆసుపత్రిలో చూసినామె లేడీ డాక్టరు. చెయ్యి పట్టి చూసింది, పట్టీ చుట్టి గాలి కొట్టి చూసింది, నాడి సరిగా అందలేదు. టైఫాయిడా, తట్టా, ఏదైనా విషం తిన్నదా అని గబగబా అడుగుతోంది. తర్వాత, నెలసరిలో ఉందా అని అడిగింది. మరిది అక్కడే ఉన్నాడు. టమోటా వ్యాను డ్రైవరు కూడా పోకుండా నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపలే మా అత్త అంది, అందరికీ వినబడేట్టు:

“ముట్టులో ఉండాదమ్మా. దూది లోపల పెట్టుకోని పని సేసింది. ఇంకా తియ్యలే. నా పురుగుల కోసరం సేసింది.”

డాక్టరమ్మ ఇంకొక మాట అడగలేదు. తెర లాగి ముందు ఆ దూది తీసేసింది. రెండు చేతులకూ సెలైను ఎక్కించారు, సూదులు వేశారు. మమ్మల్ని వరండాలోకి పొమ్మన్నారు.

ఆ వరండాలో మా అత్త కూర్చోలేదు. ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి నడుస్తూనే ఉంది. మా పల్లె నుంచి ఎవరొచ్చినా గూళ్ళు కట్టాయా అని అడిగేది, వాళ్ళు చెప్పేది మాత్రం వినేది కాదు, కళ్ళు తలుపు మీదే. నేను ఆమెను కూర్చోమంటాను, నేను మాత్రం లేచి తలుపు సందులో చూస్తాను. ఒకసారి నర్సు బయటికొచ్చి పరుగున లోపలికి పోయింది. అప్పుడు మా మరిది గోడకు తల ఆనించి ఏడ్చాడు. నేను చూడనట్టు తిరిగి కూర్చున్నాను.

తెరపి దొరికినప్పుడు డాక్టరమ్మ వచ్చి చెప్పింది. లోపల ఎక్కువసేపు ఉండిపోయిన దూదిలో ఒక రకం క్రిములు పెరుగుతాయట. అవి విషం చేస్తాయి, ఆ విషం రక్తంలో కలుస్తుంది. కలిసిందంటే ఒక్కసారిగా జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండకు కమిలినట్టు ఎరుపు, కండరాల నొప్పి, మతి తప్పడం. రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు పని మానేస్తాయి. అందుకే దాన్ని టాక్సిక్ షాక్ అంటారట. ఒక్క ముట్టులోనే కాదు, కాలిన పుండులో, కోసిన గాయంలో, కాన్పు తర్వాత లోపల మరిచిపోయిన గుడ్డలో కూడా రావచ్చునంది. ముట్టుది ఏ తప్పూ లేదని రెండుసార్లు చెప్పింది. మూత్రం వస్తే అప్పుడు ధైర్యంగా ఉండమంది.

మర్నాడు వచ్చింది. నర్సు వచ్చి చెప్పగానే మా అత్త వార్డంతా తిరిగి, “మా సిన్నది ఉచ్చ పోసింది” అని మంచం మంచానికీ చెప్పింది. నీళ్ళు పోసుకుందని ఊరికి చెప్పినప్పుడు కూడా ఆమెలో అంత సంబరం చూడలేదు నేను. వార్డులో వాళ్ళంతా నవ్వారు, చిన్నది దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దుప్పటి లాక్కునే తెలివి వచ్చిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి తెచ్చాక ఇంకొక భయం. ఎరుపు మానిపోయింది, కానీ అరచేతులు, అరికాళ్ళ తోలు ఊడి రావడం మొదలైంది. పొట్టు కాదు, పొరలు పొరలుగా, వేళ్ళ చివర తొడుగు విడిచినట్టు. డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది, భయపడొద్దు, ఈ జబ్బుకు అది గుర్తు అని. అయినా చూస్తుంటే భయం ఆగదు. మా అత్త వెన్న రాస్తూ, “పురుక్కి నాలుగు జొరాలు కావాల, నీకు ఒగటే సాలె” అంది. చిన్నది నవ్వింది, ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది. తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది, గోళ్ళ మీద అడ్డంగా గాడి పడింది. ఆకు గంప ఎత్తే బలం రావడానికి చాలా నెలలు పట్టింది. ఆ వ్యాను ప్రయాణం తనకు ఈనాటికీ జ్ఞాపకం లేదు, నేను చెబితేనే తెలుసు.

ఆ పంట గూళ్ళు గట్టిగా, తెల్లగా వచ్చాయి. ఊళ్ళో ఎవరూ అంత మంచి గూళ్ళు దించలేదు ఆ తడవ. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కానీ ఆ తర్వాత మా అత్త పురుగులింట్లోకి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని చూడటం మెల్లగా మానేసింది. పొగాకును మాత్రం చచ్చేదాకా రానివ్వలేదు.

ఇంకొకటి చేసింది. ఈ సంగతి మూసి పెట్టలేదు. పుంగనూరు సంతలో, బస్సులో, పెళ్ళిళ్ళలో వంట దగ్గర, ఈడొచ్చిన పిల్ల కనబడితే చాలు, కూర్చోబెట్టి చెప్పేది. లోపల ఏదీ పెట్టుకోవద్దు, పెట్టుకున్నా మరిచిపోవద్దు, ముట్టులో ఉండగా జ్వరమూ ఎరుపూ కలిసి వస్తే వేపాకు కట్టుకుని కూర్చోవద్దు అని. చిన్నది సిగ్గుతో చచ్చిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

“అత్తా, నా పరువు ఊరూరా తీస్తాండావు గదా?”

“పరువు పోతే మళ్ళా వస్తాది లేమ్మా. నువ్వు పోయింటే వచ్చేదానివా?”

కొన్నేళ్ళకు చిన్నది తానే చెప్పడం మొదలుపెట్టింది, గోటి మీద గాడి పడిన చోటు చూపిస్తూ. వెంకటగిరికోట వైపు నుంచి ఒకామె కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, పిల్లకు ముట్టులో జ్వరం వచ్చింది, ఏం చెయ్యాలి, ఎవరికీ చెప్పొద్దు అని చిన్నదాన్నే అడిగింది. చిన్నది ఆ తల్లీకూతుళ్ళను మధ్యాహ్నం బస్సుకే మదనపల్లె తీసుకుపోయింది. అక్కడేమీ లేదు, ఉత్త వేడి జ్వరమేనన్నారు. అట్లా తేలినందుకు ముగ్గురూ కారా బూందీ కొనుక్కుని తింటూ వచ్చారు.

ఇక పొద్దుపోయింది, మీ కాళ్ళూ తిమ్మిరెక్కి ఉంటాయి. విన్నవాళ్ళ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి ఆడపిల్ల ఒంట్లో బాగాలేదంటే, ఆ మాట నోట్లో ఉండగానే వినే చెవులు మీ ఇంట్లో ఉండాలి. మీ ఇంట్లో పనులు ఎన్నున్నా, మనిషి తర్వాతే పని కావాలి. మీ పొయ్యి మీద తాళింపు, మీ గడప మీద పసుపు, మీ పిల్లల అరచేతుల్లో వెచ్చదనం ఎప్పటికీ తగ్గకుండు గాక.